హుకుం లేని ప్రయాణం

పదిహేనేళ్లుగా జనం నా మీద జాలిపడుతున్నారు. ఆ జాలిని ఇక మోయలేను.

మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నన్నెరిగిన వాళ్లందరికీ నా గురించి ఒక కథ తెలుసు. కట్టుకున్నది కడుపుతో ఉండగా సర్కారు హుకుం వచ్చి సముద్రం అవతలికి పోవలసి వచ్చిన కంపౌండర్ని నేను. తిరిగొచ్చేసరికి పుట్టిన బిడ్డ లేదు. "పాపం, నౌకరి మనిషి, ఏం జేస్తడు" అంటారు. పెళ్లికి పోతే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటారు. నేను తల వంచుకుని తింటాను. అది దుఃఖమనుకుంటారు.

దుఃఖమే. కానీ అదొక్కటే కాదు.

ఆ కథలో బిడ్డ నిజం. సముద్రం నిజం. హుకుం అబద్ధం.

నిజాం పాలన పోయి రెండు మూడేళ్లయి ఉంటుంది. నేను లక్సెట్టిపేట దవాఖానలో కంపౌండరుగా ఉన్నాను. దవాఖాన వెనకే మాకొక చిన్న ఇల్లు. దానికి నాలుగడుగుల దూరంలో డాక్టర్ సాబ్ ఇల్లు. ఆయనది ఔరంగాబాదు వైపు. పెద్దమనిషి. నాకు గాయాలు కుట్టడం నేర్పింది ఆయనే. నేను సరిగ్గా కుట్టిన రోజు "షాబాష్ బేటా" అనేవాడు. తప్పు చేసిన రోజు కూడా బేటా అనే పిలిచేవాడు.

ఒకరోజు జిల్లా నుంచి ఉర్దూలో ఒక కాగితం వచ్చింది. అబిసీనియా దేశంలో కరువు, విషజ్వరాలు. బొంబాయి నుంచి ఒక ధర్మసంస్థ వైద్య బృందాన్ని పంపిస్తోంది. మర్జీ ఉన్న, అంటే తమంతట తాము ఇష్టపడిన, కంపౌండర్లు, డ్రెస్సర్లు పేర్లు ఇవ్వవచ్చు, సెలవు మంజూరు చేస్తాం అని దాని సారాంశం. డాక్టర్ సాబ్ పైకి చదివి, "ఆఫ్రికాకు ఎవలు పోతరు?" అని నవ్వి, సొరుగులో పడేశాడు. మర్నాడు నేనే వెళ్లి ఆ కాగితం అడిగాను.

ఆయన కాగితం బయటికి తీశాడు. నా భార్యకు అప్పుడు ఆరో నెల. "ఇంట్ల అడిగినవా?" అన్నాడు. అడిగానని చెప్పాను. ఒప్పుకుందా అన్నాడు. ఒప్పుకుందన్నాను.

అదే మొదటి అబద్ధం. రెండోది అదే రోజు సాయంత్రం ఇంట్లో చెప్పాను. ఆమె గడప పక్కన కూర్చుని పాత చీరలతో బొంత కుడుతోంది. పుట్టబోయే బిడ్డకు.

"సర్కారు హుకుం వచ్చింది. నన్ను ఆఫ్రికాకు పొమ్మన్నరు" అన్నాను.

ఆమె సూది ఆపింది. "పోనంటే ఏం జేస్తరు?"

"నౌకరి తీసేస్తరు. జేల్ల గూడ ఎయ్యొచ్చు. కొత్త సర్కారు, ఎవలికెర్క."

"డాక్టర్ సాబ్‌కు చెప్పరాదు. మంచోడు గద. ఆయన ఆపుతడు."

"ఆయనే నా పేరు రాసి పంపిండు."

ఈ చివరి మాట ఎందుకన్నాను? దాని అవసరం లేదు. సర్కారు పేరొక్కటే చాలు. సర్కారుకు ముఖం లేదు, ఎంత తిట్టినా దానికి తగలదు. కానీ ఆమె లేచి డాక్టర్ సాబ్ గడపకు పోతుందేమోనని భయమేసింది. పోకుండా ఆపాలి. ఆపడానికి ఆ క్షణం నోటికి ఏదొస్తే అది అన్నాను. ఒక మంచి మనిషిని అంత తేలికగా, ఊపిరి విడిచినంత తేలికగా, అమ్మేశాను.

ఆమె బొంత మడిచి పక్కన పెట్టింది. "గట్లయితే పో. నువ్వు జేల్ల వడితే నేనేం జేసుకోవాలె" అంది. ఏడవలేదు. ఆ వారమంతా నా కోసం రొట్టెలు కాల్చి ఎండబెట్టింది. దారిలో తినడానికని మిరపపొడి కొట్టింది. కడుపుతో ఉన్న మనిషి రోలు ముందు కూర్చుని దంచుతుంటే ఆ చప్పుడు దవాఖానలోకి వినిపించేది. నేను లోపల సీసాలు కడుగుతూ వింటూ ఉండేవాణ్ని.

అసలు ఎందుకు పోయానని మీరడగొచ్చు. నన్ను నేను కూడా చాలాసార్లు అడిగాను. ఒక్కోసారి ఒక్కో జవాబు ఇచ్చుకున్నాను. సేవ అనుకున్నాను. అక్కడ చచ్చిపోతున్నది కూడా మనుషులే కదా అనుకున్నాను. గోదావరి దాటి ఎరగని వాణ్ని, ఓడ ఎక్కాలన్న ఆశ అనుకున్నాను. ఇవన్నీ కొంచెం కొంచెం నిజమే. కానీ వీటి కింద ఇంకొకటుంది.

మాకు అంతకు రెండేళ్ల ముందు ఒక కొడుకు పుట్టాడు. రెండు రోజుల నొప్పులు. పుట్టినవాడు ఏడవలేదు. మంత్రసాని నన్ను పిలిచి, దవాఖాన మనిషివి కదా, ఏమన్నా చేయమని చేతుల్లో పెట్టింది. నాకు ఏం చేయాలో తెలియలేదు. ఎన్నో సీసాల పేర్లు తెలుసు, ఏ మందు ఎంత కలపాలో తెలుసు, చేతుల్లో ఉన్నవాడికి ఊపిరి ఎలా పోయాలో తెలియలేదు. లోపలి నుంచి ఆమె "ఏడుస్తలేడేంది, ఏడుస్తలేడేంది" అని అడుగుతూనే ఉంది. గోదావరి ఒడ్డున నేనే పూడ్చి వచ్చాను.

మళ్లీ నెల తప్పిందని ఆమె నవ్వుతూ చెప్పినప్పుడు నేను కూడా నవ్వాను. కానీ లోపల తెలుసు. ఆ గది బయట మళ్లీ నిలబడలేను. ఆ ప్రశ్న మళ్లీ వినలేను. అందుకే పారిపోయాను. వేల మైళ్ల దూరంలో ఎవరికో ప్రాణం పోయడానికి పోతున్నానని దండ వేయించుకుని మరీ పారిపోయాను.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పడం అన్నిటికంటే కష్టం.

పోవడానికి వారం ముందు డాక్టర్ సాబ్ నన్ను పిలిచాడు. ఆయనది సగం ఉర్దూ, సగం మా తెలుగు. "మీ ఇంటామెను ఇక్కడనే ఉంచు బేటా. మా బేగం చూసుకుంటది. మొదటి కాన్పు గట్లయింది గద, ఈసారి నేను దగ్గరుంట. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

అంతకంటే ఏం కావాలి? డాక్టరు పక్కింట్లో. మందులు పక్కింట్లో. కానీ ఆమె అక్కడుంటే రోజూ వాళ్లతో మాట్లాడుతుంది. ఏదో ఒకరోజు హుకుం మాట వస్తుంది. మర్జీ మాట వస్తుంది. నా అబద్ధం బయటపడుతుంది. అందుకని ఆయనతో, "వాళ్లన్న రమ్మంటుండు సాబ్, పుట్టింటికి తోలుతున్న" అన్నాను. ఆమెతో డాక్టర్ సాబ్ చెప్పిన మాట చెప్పనేలేదు. చెన్నూరులో ఉన్న వాళ్లన్న దగ్గరికి పంపించాను.

నా అబద్ధం దక్కించుకోవడానికి ఆమెను డాక్టరుకు దూరంగా తోలాను. ఇదీ జరిగింది. దీనికి వేరే పేరు లేదు.

మంచిర్యాలలో రైలెక్కించడానికి నా బావమరిది, ఆ చెన్నూరు అన్నే, వచ్చాడు. సాలె పని ఆయనది. తను నేసిన తువ్వాలు నా భుజాన వేసి, "జర పైలం బావా. చెల్లె ఫికర్ నాకిడిసిపెట్టు" అన్నాడు. బొంబాయిలో ఓడ ఎక్కాం. ఏడెన్ దాకా వాంతులే. అక్కడి నుంచి జిబూటి. మళ్లీ రైలు, అది కొండల మీదికి రోజంతా ఎక్కింది. ఆ పైన కంచర గాడిదల మీద రెండు రోజులు. ఒక పాత గోదాములో దవాఖాన పెట్టాం. అక్కడి జనం మమ్మల్ని హకీం అనేవాళ్లు. మన దగ్గర ఉర్దూలో ఉన్న మాటే. డాక్టర్లకూ నాకూ తేడా వాళ్లకు తెలియదు. నేను గోదాము నుంచి బయటికి వస్తే ముసలివాళ్లు లేచి నిలబడేవాళ్లు. బాగుండేది. అబద్ధమెందుకు, చాలా బాగుండేది.

ఒకసారి మా బృందంలోని లేడీ డాక్టరుకు జ్వరం. కాన్పు కేసు వచ్చింది. పెద్ద డాక్టరు చెబుతుంటే నేనే చేశాను. బిడ్డ ఏడ్చింది. ఆ తల్లి నా రెండు చేతులూ తన కళ్లకు అద్దుకుంది. అది ఏ నెల, ఏ రోజు అని నేను ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. వేసుకోవడానికి భయం.

చెన్నూరు నుంచి ఉత్తరం రెండు నెలలకు చేరింది. బావమరిది బడి పంతులుతో రాయించాడు. శ్రావణంలో నొప్పులు మొదలయ్యాయట. రెండో రోజుకీ కాన్పు కాకపోతే బండి కట్టి మంచిర్యాల బయలుదేరారట. వాగు పొంగి అడ్డం పడిందట. ఒడ్డున బండిలోనే ఆడపిల్ల పుట్టింది. సాయంత్రం దాకా బతికింది. "చెల్లె పానం దక్కింది. ఇగ పిల్లలు కారంటున్నరు. సర్కారుకు చెప్పుకొని జల్ది రా బావా" అని ఉంది.

మా బృందం పెద్ద ఆ ఉత్తరం సంగతి విని, పది రోజుల్లో ఓడ ఉంది, వెళ్లిపో అన్నాడు. నేను పోలేదు. పని మధ్యలో వదిలి పోనన్నాను. అందరూ నా త్యాగానికి తలలూపారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. నేను ఇంకో ఐదు నెలలున్నాను. ఇంటికి "సర్కారు ఇడుస్తలేదు" అని రాశాను. ఆమె ముఖం చూడడానికి నాకు ధైర్యం లేదు, అంతే. పోయేముందు అబద్ధాలాడినప్పుడు ఏం జరుగుతుందో తెలియదని అనుకోవచ్చు. ఈసారి అన్నీ తెలిసే ఆడాను.

తిరిగొచ్చాక ఆమెను లక్సెట్టిపేటకు తీసుకొచ్చాను. సగానికి సగం చిక్కిపోయింది. నన్ను ఒక్కమాట అనలేదు. అనకపోగా, "నువ్వెంత తండ్లాడినవో ఆడ" అంది. "చెవులు నీ లెక్కనే ఉండె" అంది. ఇంకో మాట చెప్పలేదు బిడ్డ గురించి.

మూడో రోజు డాక్టర్ సాబ్ వచ్చాడు. ఆయనకు బిడ్డ సంగతి అప్పుడే తెలిసింది. ఎండలో ఎక్కడో రోగిని చూసి, నేరుగా మా ఇంటికే వచ్చాడు. మంచం మీద కూర్చుని, "జర నీళ్లియ్యి బేటీ" అన్నాడు.

ఆమె కదలలేదు. "సాబ్, నేను మీకేం అన్యాలం జేసిన?" అంది.

"ఏమైంది బేటీ?"

"నేను కడుపుతోని ఉన్నదాన్నని మీకెర్కనే గద. ఎర్కుండి గూడ ఈయన పేరే రాస్తిరి. ఇంకెవ్వలు దొర్కలేదా మీకు? ఈయన ఇక్కడుంటె నేను చెన్నూరు పోదునా? నా బిడ్డ వాగు ఒడ్డున సచ్చునా?"

ఆయన నా వైపు తిరిగాడు. నేను చెప్పవలసిన సమయం అదే. ఒక్క మాట. 'ఆయన రాయలేదు, నేనే రాయించుకున్నా.' నా నోట్లోనే ఉంది ఆ మాట. నేను ఆయన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. వాటికి ఎర్రమట్టి అంటుకుని ఉంది. ఇప్పటికీ ఆ మట్టి కనబడుతుంది నాకు, ఆయన ముఖం కనబడదు. ఎందుకంటే ఆయన ముఖం నేను చూడనే లేదు.

తర్వాత ఆయన గొంతు వినిపించింది. "గలతి అయింది బేటీ. మాఫ్ చెయ్యి."

"మాఫ్ జేస్తె నా బిడ్డ తిరిగొస్తదా? ఇగ మా గడప తొక్కకున్రి."

ఆయన లేచి వెళ్లిపోయాడు.

ఎందుకు మోశాడు ఆ తప్పును? నన్ను కాపాడడానికా? కాదనుకుంటాను. బిడ్డను పోగొట్టుకుని ఏడాదైనా కాని మనిషికి, మొగుడు కూడా మోసగాడే అని ఆ క్షణంలో చెప్పలేకపోయాడు. ఆమె కోసం మోశాడు. మర్నాడు దవాఖానలో "కంపౌండర్ సాబ్, పట్టీలు తయారున్నయా?" అన్నాడు. ఆ తర్వాత ఎన్నడూ బేటా అనలేదు. ఒక్కసారి కూడా నన్ను నిలదీయలేదు. నిలదీస్తే బాగుండేది. ఆయన నన్ను నమ్మాడు, నమ్మి నా పేరు పంపే కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ నమ్మకం పోయిన చోట ఆయన మర్యాద పెట్టాడు. ఆ మర్యాద కింద రోజూ నలిగాను.

నా భార్య ఊరుకోలేదు. బావి దగ్గర, అంగట్లో, ఎవరు అడిగితే వాళ్లకు చెప్పింది. కడుపుతో ఉన్నదాని మొగుణ్ని దేశం దాటించిన డాక్టరు అని. ఊళ్లో ఆడవాళ్లు ఆయన దగ్గరికి రావడం తగ్గించారు. ఆ ఏడు ఎంతమంది కాన్పుకు దవాఖానకు రాకుండా ఇళ్లలోనే ఉండిపోయారో, వాళ్లలో ఎవరికేమైందో నాకు తెలియదు. అదీ నా పాపమే కదా? ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది ఇది?

భాషను బట్టి రాష్ట్రాలు విడదీసినప్పుడు డాక్టర్ సాబ్ తన జిల్లా వైపు వెళ్లిపోయాడు. ఆయన్ను రైలెక్కించడానికి దవాఖాన వాళ్లందరూ మంచిర్యాల పోయారు. నేను జ్వరమని ఇంట్లో పడుకున్నాను. జ్వరం లేదు.

తర్వాత నాకు కాగజ్‌నగర్ బదిలీ అయింది. ఏళ్లు గడిచాయి. ఇది నాతోనే పోతుందనుకున్నాను. పోయిన చలికాలం ఒక పొద్దున ఆమె చాటలో బియ్యం ఏరుతూ ఉన్నట్టుండి అంది. "గా డాక్టర్ సాబ్ బతికున్నడో లేడో. నేను శానా మాటలన్న ఆయనను. ఆయనది గూడ నౌకరే గద, పైనోళ్లు చెప్పింది జేసిండు. ఒక పోస్టు కారట్ రాయరాదు, నేను మాఫ్ జెయ్యమన్ననని."

ఆమె ఆయనకు క్షమాపణ చెబుతానంటోంది. నా బదులు ఆమె.

అక్కడే కింద కూర్చుని అంతా చెప్పాను. కాగితం సంగతి, మర్జీ సంగతి. ఉత్తరం అందినా రాకపోవడం. చివర, ఆయన ఆమెను తన ఇంట్లో ఉంచమన్న సంగతి. చెబుతున్నంతసేపూ ఆమె రాళ్లు ఏరుతూనే ఉంది. చివరి మాట దగ్గర మాత్రం చేయి ఆగింది.

"నన్ను ఉండుమన్నడా? డాక్టర్ సాబ్ నన్ను ఆళ్లింట్ల ఉండుమన్నడా?"

ఔనన్నాను.

చాట కింద పెట్టి అంది. "నేను ఆయనకు నీళ్లు గూడ ఇయ్యలే."

నన్ను తిట్టలేదు. కొట్టినా బాగుండేది. చాటలో బియ్యం మొత్తం ఏరి, వండి, నాకు పెట్టి, తను తినకుండా చెన్నూరు బండెక్కింది. నెల దాటినా రాలేదు. నేనే పోయాను. గడపలోనే ఆపి ఒకటే మాట చెప్పింది. "పదిహేనేండ్లు ఊరంత తిరిగి తిట్టిన నేను. నాతోని తిట్టిచ్చినవ్. ఇప్పుడు నువ్వు తిరిగి చెప్పుకో. ముందు మా అన్నకు చెప్పు."

బావమరిది మగ్గం మీద ఉన్నాడు. నిలబడే చెప్పాను. ఆయన చేతిలో నాడె ఆగిపోయింది. ఆ రోజు బండి తోలింది ఆయన, బిడ్డను తువ్వాలలో చుట్టి పట్టుకున్నది ఆయన. "బావా, గా వాగు ఒడ్డున సర్కారును తిట్టిన, డాక్టర్ను తిట్టిన, దేవుణ్ని గూడ తిట్టిన. నిన్నొక్కణ్నే పాపం అనుకున్న" అన్నాడు. మళ్లీ నేత మొదలుపెట్టాడు. మళ్లీ నా వైపు చూడలేదు.

లక్సెట్టిపేట పోయాను. పాత దవాఖాన జవాను ఉన్నాడు, ఆయనకు చెప్పాను. బావి దగ్గరి ఇళ్లలో పాతవాళ్లు ఇద్దరు ముగ్గురు మిగిలారు, వాళ్లకు చెప్పాను. ఒక ముసలావిడ విని, నేను కూర్చున్న పీట మీద నుంచి లేవమంది. డాక్టర్ సాబ్‌కు రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి తిరిగొచ్చింది. రెండోది తిరిగి కూడా రాలేదు.

ఆమె ఉగాది తర్వాత కాగజ్‌నగర్ వచ్చింది. వండుతుంది. పెడుతుంది. అవసరమైన మాట మాట్లాడుతుంది. క్షమించావా అని నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. ఆమె చెప్పలేదు. చెబుతుందని కూడా అనుకోవడం లేదు.

ఊళ్లు మారిపోయిన వాళ్లు, ఎక్కడున్నారో తెలియని వాళ్లు, ఆ కథ ఎవరి నోటో విని నా మీద జాలిపడిన వాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లందరి గడపలకూ పోలేను. అందుకే ఇది రాశాను. తన పేరు రాయొద్దని ఆమె చెప్పింది. నా పేరు నేనే రాయలేదు. అంత ధైర్యం ఇంకా రాలేదు, అదీ ఒప్పుకుంటున్నాను.

కానీ ఒక్కటి మాత్రం రాయగలుగుతున్నాను. ఇన్నేళ్లు నోట్లోనే ఉన్నది, ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. నన్నెవరూ పంపలేదు. నేనే పోయాను.